మానని కాలిపుండు: సిరల జబ్బుతో వచ్చే పుళ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

చీలమండ పైన పుండు పడి నెలలు గడిచాక ఆసుపత్రికి వచ్చేవాళ్ల చేతిలో సాధారణంగా ఒక సంచి ఉంటుంది. అందులో నాలుగైదు రకాల ఆయింట్‌మెంట్లు, సగం మింగి వదిలేసిన యాంటీబయాటిక్ షీట్లు, పుండు మీద చల్లే పౌడర్ డబ్బా ఉంటాయి. ఏ షాపువాడు ఏది ఇస్తే అది రాశారు. కాలికి కట్టవలసిన కట్టు గురించి మాత్రం చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ కట్టు గురించే.

నాది సిరల వల్ల వచ్చిన పుండేనని ఎలా తెలుస్తుంది?

ముందు అది ఎక్కడుందో చూడండి. సిరల పుండు ఎక్కువగా చీలమండ లోపలి వైపు, ఎముక బుడిపెకు కాస్త పైన పడుతుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, అంచులు వంకరటింకర. రసి బాగా కారుతుంది. చుట్టూ చర్మం గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, దురద పెడుతూ, చెక్కలా గట్టిపడి ఉంటుంది. సాయంత్రానికి కాలు వాస్తుంది, పొద్దున లేచేసరికి తగ్గుతుంది. పిక్క మీద, మోకాలి కింద మెలికలు తిరిగిన ఉబ్బునరాలు కనిపించవచ్చు. లావుపాటి కాళ్లలో అవి పైకి కనిపించకపోనూవచ్చు.

వేలి కొసల మీద, పాదం అంచున గుండ్రంగా తొలిచినట్టుండి, రాత్రిపూట నొప్పి ఎక్కువై, కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే ఉపశమనం ఇచ్చే పుండు వేరు. అది రక్తం కిందికి అందక వచ్చే ధమనుల పుండు. అరికాలిలో, నొప్పి తెలియకుండా పడేది షుగర్ వల్లో కుష్ఠు వల్లో స్పర్శ పోయిన పాదానికి వచ్చే పుండు. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన కుర్రవాళ్లకు చీలమండ దగ్గర పుండు ఉంటే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించాలి. కోస్తాలో బోదకాలు ఉన్నవాళ్ల పుండును కూడా సిరల పుండు అనుకుని పొరబడుతుంటారు. ఒకే మనిషికి వీటిలో రెండు ఉండటమూ అరుదు కాదు, ముఖ్యంగా షుగర్ ఉన్న పెద్దవాళ్లలో.

పుండు చర్మం మీద ఉంటే జబ్బు సిరలో ఉందంటారేమిటి?

బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ పాడైతే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. మోటారు ఆపగానే పైపులో ఎక్కిన నీళ్లన్నీ కిందికి జారిపోతాయి. కాళ్ల సిరల్లోనూ అలాంటి కవాటాలు ఉంటాయి. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, కవాటం దాన్ని వెనక్కి రానివ్వదు. కదలకుండా నిలబడ్డప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. కవాటాలు బాగున్నవాళ్లలో నాలుగడుగులు వేసేసరికి అది 30కి దిగువకు పడిపోతుంది. కవాటాలు చెడినవాళ్లు ఎంత నడిచినా అంతగా పడదు. పగలంతా అదే ఒత్తిడి ఉంటే నీరు, ఎర్ర రక్తకణాలు సిరల్లోంచి చర్మంలోకి ఊరతాయి. ఆ కణాలలోని ఇనుము మిగిల్చిన మచ్చే ఆ గోధుమ రంగు. అలా దెబ్బతిన్న చర్మం ఒక చిన్న గీతకు, దోమకాటు గోకుడుకు తెగుతుంది. ఇక మూసుకోదు.

కవాటాలు ఎందుకు చెడతాయి? కొందరికి వంశపారంపర్యం. కొందరికి కాన్పుల తర్వాత. కొందరికి ఎప్పుడో లోపలి సిరలో రక్తం గడ్డకట్టి, అది కరిగినా కవాటం నాశనమై ఉంటుంది. దోసె పెనం ముందు, తరగతి గదిలో, ట్రాఫిక్ కూడలిలో గంటల తరబడి కదలకుండా నిలబడే పనులు ఉన్న జబ్బును ముదరబెడతాయి. మోకాళ్ల నొప్పులతో నడక మానేసి కుర్చీకే పరిమితమైన పెద్దవాళ్లలో పిక్క కండరం పని చేయక అదే జరుగుతుంది.

ఏ పరీక్షలు తప్పనిసరి?

రెండు. మొదటిది చేయి బీపీతో చీలమండ బీపీని పోల్చి చూసే పరీక్ష. రక్త ప్రవాహపు చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పెన్నుతో పది నిమిషాల్లో అయిపోతుంది. రెండూ దాదాపు సమానంగా, అంటే చీలమండ బీపీని చేయి బీపీతో భాగిస్తే నిష్పత్తి 0.8 నుంచి 1.3 లోపు వస్తే కట్టు గట్టిగా కట్టవచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే నిపుణుల పర్యవేక్షణలో వదులు కట్టు. 0.5 కన్నా తక్కువైతే కట్టు జోలికి పోకుండా ముందు ధమనుల సంగతి చూడాలి. 1.3 దాటితే ధమనులు గట్టిపడి తప్పు అంకె చూపిస్తున్నాయని అర్థం. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇది మామూలే, వాళ్లకు కాలివేలి దగ్గర ఒత్తిడి కొలవాలి.

రెండోది సిరల డ్యూప్లెక్స్ స్కాన్, అంటే సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపించే అల్ట్రాసౌండ్. దీన్ని రోగిని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి ఐదు నిమిషాల్లో ముగించి రిపోర్టులో 'నార్మల్' అని రాసిస్తే, ఆ నార్మల్‌ను నేనైతే నమ్మను.

వీటితోపాటు షుగర్, హిమోగ్లోబిన్ చూడటం ఎలాగూ ఉంటుంది.

అసలు మందు ఏది?

ఒత్తిడి కట్టు. దీన్ని కంప్రెషన్ అంటారు. వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు పొరలు పొరలుగా కట్టే కట్టు, చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఇవ్వాలి. ఆ ఒత్తిడి ఉబ్బిన సిరలను అదిమి, ఊరిన నీటిని వెనక్కి తోస్తుంది. దానితో చర్మానికి ఆక్సిజన్ అందుతుంది, పుండు అంచుల నుంచి కొత్త చర్మం పాకుతుంది. కట్టుతో పుళ్లు త్వరగా మానతాయని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. ఒక్క పొర కట్టు కన్నా రెండు మూడు రకాల బ్యాండేజీలు కలిపి కట్టేవి మెరుగు. నాలుగు పొరల కట్టు 1980ల్లో లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. దూది పొర, క్రేప్ పొర, సాగే పొర, పైన అతుక్కునే పొర. వారానికి ఒకసారి మార్చితే చాలు.

మన దగ్గర మందుల షాపులో 'క్రేప్ బ్యాండేజ్' అని అడిగి తెచ్చుకుని ఒక్క పొర చుట్టుకుంటారు. కాలు బెణికినప్పుడు అది చాలు. పుండుకు చాలదు, మధ్యాహ్నానికే వదులై జారిపోతుంది. తక్కువ సాగే షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజీలు, రెండు పొరల కిట్లు నగరాల్లో దొరుకుతున్నాయి. కట్టు పొసగనివాళ్లకు పుండు కోసమే తయారైన రెండు పొరల స్టాకింగ్స్ ఉన్నాయి. 2014లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశోధనలో నాలుగు పొరల కట్టుకూ వీటికీ మానే కాలంలో తేడా కనిపించలేదు. కట్టే నర్సు దగ్గర్లో లేని ఊళ్లకు ఇది మంచి కబురే, అయితే రసి విపరీతంగా కారే పుండుకు ఇవి కుదరవు.

కట్టు ఎలా కట్టాలి? ఇంట్లో కట్టుకోవచ్చా?

ముందు నేర్చుకోండి, ఆ తర్వాతే కట్టండి. ఆసుపత్రిలో నర్సు కడుతుంటే ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన నిలబడి చూసి, ఆమె ముందే ఒకసారి కట్టి చూపించాలి.

పొద్దున మంచం దిగకముందే, వాపు లేనప్పుడు కట్టాలి. పాదాన్ని కాలికి లంబంగా, పైకి ఎత్తి పట్టాలి. ఎముక కనిపించే చోట్ల, ముఖ్యంగా కాలి ముందు ఎముక మీద, చీలమండ గుంటల్లో దూది రోల్ పెట్టాలి. వేళ్ల మొదలు నుంచి ప్రారంభించి మడమను పూర్తిగా కప్పాలి. మడమ వదిలేసి కడితే అక్కడ వాపు బుంగలా ఉబికి వస్తుంది, ఇది అందరూ చేసే పొరపాటు. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగాన్ని కప్పుతూ, ఒకే బిగువుతో మోకాలికి రెండు వేళ్ల కింది వరకు వెళ్లాలి. పైకి పోతున్నకొద్దీ బిగువు పెంచకూడదు. పిక్క దగ్గర కాలు లావు కాబట్టి అదే బిగువుతో అక్కడ ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

కట్టాక వేళ్లు నీలంగానో తెల్లగానో మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా కత్తెరతో కోసి తీసేయండి. మర్నాడు చూద్దామని ఆగకండి.

కట్టు ఎవరికి కట్టకూడదు?

ధమనులు బాగా మూసుకుపోయినవాళ్లకు కట్టకూడదు, కాలే పోయే ప్రమాదం ఉంది. చుట్ట, బీడీ ఏళ్ల తరబడి తాగినవాళ్లకు పైన చెప్పిన బీపీ పోలిక పరీక్ష చేయకుండా గట్టి కట్టు కట్టనివ్వవద్దు. గుండె బలహీనత వల్ల ఆయాసంతో ఉన్నవాళ్లకు ముందు గుండె సంగతి కుదుటపరచాలి. కాళ్ల నీరంతా ఒక్కసారిగా పైకి తోస్తే ఆయాసం పెరుగుతుంది.

రోజూ డ్రెస్సింగ్ మార్చాలా? ఏ డ్రెస్సింగ్ మంచిది?

రోజూ మార్చనక్కరలేదు. పుండుకు అంటుకోని మామూలు డ్రెస్సింగ్, దానిపైన రసి పీల్చే గాజ్ ప్యాడ్, దానిపైన ఒత్తిడి కట్టు. ఇంతే. రసి ఎక్కువుంటే వారానికి రెండు మూడుసార్లు, తక్కువుంటే వారానికి ఒకసారి. వెండి కలిపినవి, తేనె పూసినవి ఖరీదెక్కువ. న్యూజిలాండ్‌లో మనూకా తేనె డ్రెస్సింగ్ మీద జరిగిన పరిశోధనలో మామూలు డ్రెస్సింగ్ కన్నా పుండు త్వరగా మానలేదని 2008లో తేలింది. ఆ డబ్బు మంచి బ్యాండేజీ మీద పెట్టండి.

కడగడానికి శుభ్రమైన కుళాయి నీళ్లు చాలు, బావి నీళ్లయితే మరగబెట్టి చల్లార్చండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చి చూడటానికి శుభ్రమైనట్టే ఉంటుంది గానీ అది కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపుతుంది. స్పిరిట్, డెటాల్ కూడా పుండులో పోయకూడదు. గుంటలో అంటుకున్న పసుపుపచ్చటి మెత్తటి పొరను డాక్టరుగానీ శిక్షణ ఉన్న నర్సుగానీ తీయాలి. ముందుగా మత్తు క్రీము రాసి అరగంట, ముప్పావుగంట ఆగితే ఆ నొప్పి చాలావరకు తెలియదు. అడిగి రాయించుకోండి, అడగనిదే చాలాచోట్ల రాయరు.

యాంటీబయాటిక్స్ ఎన్నాళ్లు వాడాలి?

చాలామందికి ఒక్కరోజు కూడా అక్కరలేదు. నెలల తరబడి ఉన్న ఏ పుండులోంచి కల్చర్‌కు పంపినా ఏదో ఒక బ్యాక్టీరియా పెరుగుతుంది. రిపోర్టులో పేరు ఉన్నంతమాత్రాన ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదు. చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకడం, తాకితే వేడి, జ్వరం, ఉన్నట్టుండి నొప్పి పెరగడం, గట్టి చీము, ఇవి ఉంటేనే మాత్రలు. అవసరం లేకుండా కోర్సు మీద కోర్సు మింగితే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు.

యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లతో ఇంకో ఇబ్బంది ఉంది. నియోమైసిన్, ఫ్రామైసిటిన్ ఉన్నవాటికి కాలిపుండు రోగుల్లో ఎలర్జీ ఎక్కువ. పుండు చుట్టూ చర్మం చెమ్మగిల్లి, దురద పెట్టి, పుండు పెద్దదవుతుంటే మందు చాలలేదనుకుని ఇంకా రాస్తారు. మానేసి చూడండి.

పసుపు, వేపాకు, గడ్డిచేమంతి పసరు?

కొడవలి గీసుకున్న తాజా గాయానికి గడ్డిచేమంతి పసరు పిండటం మన ఊళ్లలో అలవాటే. నెలల పుండు సంగతి వేరు. పొడులు, పసర్లు రసితో కలిసి గట్టి పెచ్చులు కడతాయి, వాటిని ఊడదీసేటప్పుడు కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. జిల్లేడు పాలు మాత్రం అస్సలు వద్దు, అవి చర్మాన్ని కాలుస్తాయి.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. ఈ ఒక్క నమ్మకం వల్ల ఎన్ని పుళ్లు మానకుండా ఉండిపోతున్నాయో. పుండు పడిందనగానే ఇంట్లో పప్పు, గుడ్డు, మాంసం, వంకాయ, గోంగూర అన్నీ బంద్. చారన్నం, పచ్చడి, మజ్జిగ మిగులుతాయి. పైగా రసితోపాటు ప్రోటీన్ రోజూ శరీరం నుంచి కారిపోతుంటుంది. కొత్త చర్మం అల్లుకోవడానికి కావలసిందే అది. పప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు, శనగలు, ఏది అలవాటైతే అది రెండు పూటలా తినాలి. ఉసిరి, జామ, నిమ్మతో విటమిన్ సి వస్తుంది. రక్తం తక్కువుంటే ఐరన్ మాత్రలు. పత్యం పెట్టే అత్తగారికి ఈ మాట డాక్టరు చేతే చెప్పించండి, కోడలు చెబితే చెల్లదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి.

కాలు కదపకుండా పడుకోవాలా, నడవాలా?

రెండూ. కట్టు కట్టుకుని నడవాలి, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు పైకి పెట్టాలి. చేయకూడనివి కదలకుండా నిలబడటం, కాళ్లు వేలాడేసి కూర్చోవడం. స్టూలు మీద కాలు చాపితే చాలదు, కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మంచం కాళ్ల వైపు రెండు కోళ్ల కింద ఇటుకలు పెడితే రాత్రంతా ఆ పని జరుగుతుంది. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం పిక్కకు మంచి వ్యాయామం. పదేసి చొప్పున రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. నిలబడలేనివాళ్లు కూర్చుని పాదాలను పైకీ కిందికీ ఆడించినా ఉపయోగమే.

బీపీకి అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లలో కొందరికి ఆ మాత్ర వల్లే కాళ్లు వాస్తాయి. సొంతంగా మానకుండా, మార్చవచ్చేమో డాక్టర్ను అడగండి.

దురద, దుర్వాసన తట్టుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?

దురద ఎక్కువగా పుండు చుట్టూ వచ్చే ఎగ్జిమాది. పొడిబారిన చర్మానికి తెల్ల వ్యాజ్‌లైన్, ఎరుపెక్కిన చోట డాక్టరు రాసిన స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ కొన్నాళ్లు రాస్తే తగ్గుతుంది. పుండు లోపల స్టిరాయిడ్ వద్దు. వాసనకు పైన చెప్పినట్టు మెత్తటి పొర తీయించి, మెట్రోనిడజోల్ జెల్ వాడితే కొద్దిరోజుల్లో తేడా తెలుస్తుంది. వాసనకు సిగ్గుపడి పెళ్లిళ్లకు, గుడికి వెళ్లడం మానేసినవాళ్లు చాలామంది. డాక్టరుకు చెప్పడానికి మాత్రం మొహమాటపడకండి.

లేజర్ చేయించుకోవాలంటే పుండు మానేదాకా ఆగాలా?

ఆగనక్కరలేదు. ఒకప్పుడు ముందు పుండు మాననిచ్చి తర్వాత సిర సంగతి చూసేవారు. 2018లో వెలువడిన ఎవ్రా పరిశోధన ఆ పద్ధతిని మార్చింది. బ్రిటన్‌లో 450 మంది రోగులను రెండు జట్లు చేశారు. కట్టు అందరికీ కట్టారు. ఒక జట్టుకు రెండు వారాల్లోపే చెడిన పైసిరను (చర్మానికి దగ్గరగా ఉండే సిరను) మూసేశారు, రెండో జట్టుకు పుండు మానాకో, మానకపోతే ఆరు నెలల తర్వాతో చేశారు. ముందుగా చేయించుకున్నవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, ఆగినవాళ్లలో అందుకు 82 రోజులు పట్టింది. అంతకుముందు 2004లో వచ్చిన ఎస్కార్ పరిశోధనలో సిరకు ఆపరేషన్ చేస్తే పుండు మళ్లీ రావడం బాగా తగ్గింది. ఏడాదిలో కట్టు ఒక్కటే వాడినవాళ్లలో 28 శాతం మందికి తిరగబెడితే, ఆపరేషన్ కూడా అయినవాళ్లలో అది 12 శాతం.

లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ, నురగ ఇంజెక్షన్, జిగురు, ఇవన్నీ చెడిన సిరను లోపలి నుంచి మూసే పద్ధతులే. ఎక్కువమందికి కాలికే మత్తు ఇచ్చి చేసి అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఏది చేయించుకున్నారన్నదాని కన్నా త్వరగా చేయించుకోవడం ముఖ్యం. లోపలి సిరలు మూసుకుపోయినవాళ్ల లెక్క వేరు, వాళ్లకు స్కాన్ చూసి నిర్ణయిస్తారు. లేజర్ అయిపోయింది కదా అని కట్టు విప్పేయకండి.

మాత్రలతో తగ్గదా?

మాత్రలు కట్టుకు తోడు మాత్రమే. పెంటాక్సిఫిలిన్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, కట్టుతో కలిపి వాడితే మానడం మెరుగుపడుతుంది. వికారం, విరేచనాలు కొందరికి వస్తాయి. శుద్ధిచేసిన ఫ్లేవనాయిడ్ మాత్రలు కూడా పెద్ద పుళ్లకు రాస్తారు. నీరు పోయే మాత్రలు సిరల వాపుకు వైద్యం కాదు.

చర్మం అతికిస్తే వెంటనే మానుతుందా?

పెద్ద పుండు శుభ్రపడి ఎర్రగా తేలాక అతికిస్తే కాలం కలిసొస్తుంది. సిర బాగుచేయకుండా, కట్టు లేకుండా అతికించినది ఊడివస్తుంది.

ఎన్నాళ్లకు మానుతుంది? సరిగ్గా మానుతోందని ఎలా తెలుసుకోవాలి?

చిన్న, కొత్త పుళ్లు చాలావరకు మూడు నాలుగు నెలల్లో మానతాయి. ఏడాది దాటినవి, అరచేతి కన్నా పెద్దవి ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి. కొలత రాసుకోండి. శుభ్రమైన పారదర్శక ప్లాస్టిక్ కవరును పుండు మీద ఆనించి పైనుంచి మార్కర్ పెన్నుతో అంచు గీసి తేదీ వేసి ఉంచండి. పుండుకు తగిలిన వైపు తుడిచేయండి. నెల తర్వాత మళ్లీ గీసి పోల్చండి. విస్తీర్ణం నూటికి నలభై వంతులు తగ్గితే దారిలో ఉన్నట్టే. ఏమీ తగ్గకపోతే కట్టు సరిగా లేదో, ధమనుల జబ్బు ఉందో, సిర చూడలేదో, ఏదో ఒకటి మిగిలి ఉంది.

మూడు నెలల సరైన వైద్యం తర్వాత కూడా కదలిక లేకపోయినా, అంచులు పైకి లేచి గట్టిగా దొర్లినట్టున్నా, కాలీఫ్లవర్‌లా కండ పెరిగినా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఏళ్ల తరబడి ఉన్న పుండులో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది.

మానిన తర్వాత?

మేజోళ్లు వేసుకోవాలి. ఈ మాట నచ్చదు, తెలుసు. మే నెలలో విజయవాడ ఎండలో మోకాలి దాకా బిగుతు స్టాకింగ్స్ వేసుకోమనడం తేలిక, వేసుకోవడం కష్టం. అందుకే అసలు వేసుకోకపోవడం కన్నా ఒక మెట్టు తక్కువ ఒత్తిడిది వేసుకోవడం మేలు. వేళ్లు బయటికుండే రకం మనవాళ్లకు చెప్పులతో కుదురుతుంది. దాన్ని ఎక్కించుకోవడానికి చిట్కా ఉంది. పాదానికి పల్చటి క్యారీ బ్యాగు తొడిగి దానిమీదుగా స్టాకింగ్ లాగితే సర్రున జారుతుంది, తర్వాత వేళ్ల సందులోంచి బ్యాగు లాగేయొచ్చు. చేతులకు రబ్బరు గ్లవ్స్ ఉంటే పట్టు దొరుకుతుంది. పొద్దున వేసుకుని రాత్రి పడుకునేముందు తీసేయాలి. నీడన ఆరేయాలి, పిండకూడదు. సాగుదల పోతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మార్చాలి.

ఉబ్బునరం పగిలి రక్తం చిమ్మితే?

వెంటనే పడుకోబెట్టి కాలు పైకెత్తండి. శుభ్రమైన గుడ్డతో రక్తం వచ్చే చోటే వేళ్లతో గట్టిగా నొక్కిపట్టండి. పది నిమిషాలు తీసి చూడకుండా నొక్కితే ఆగుతుంది. పైన తాడు బిగించి కట్టకండి, సిర రక్తం పైకి పోయే దారి మూసుకుని ఇంకా ఎక్కువ కారుతుంది. నిలబడి ఉండగా జరిగితే ప్రాణాపాయం కూడా. ఆగినా ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఖర్చు మాటేమిటి?

వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి. అందుబాటులో లేకపోతే సిరల స్కాన్, లేజర్ చేసే జనరల్ సర్జన్. హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల సర్జరీ ఓపీలోనూ ఈ పుళ్లు చూస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీకు చెప్పిన ఆపరేషన్ పేరు కాగితం మీద రాయించుకుని ఆసుపత్రిలోని పథకం డెస్క్ దగ్గర ముందే అడగండి. బ్యాండేజీలు, స్టాకింగ్స్ చాలాసార్లు చేతి డబ్బుతోనే కొనాల్సి వస్తుంది కాబట్టి ఆ లెక్క విడిగా వేసుకోండి. వెళ్లేటప్పుడు పాత స్కాన్ రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న బీపీ, షుగర్ మాత్రలు, ప్లాస్టిక్ కవరు మీద గీసిన పుండు బొమ్మలు పట్టుకెళ్లండి.